గీత ప్లేటు, గీత క్యాసెట్టు, గీత పెన్‌డ్రైవు

పోయిన ఆదివారం సంఘం గదిలో జరిగిన వాదన సగం మందికి సగమే తెలిసింది. మిగతా సగం ఎవరికి తోచినట్టు వాళ్ళు కల్పించుకుంటున్నారు. కాబట్టి మొత్తం రాసి పెడుతున్నాము. పొడుగు ఎక్కువే, తీరిగ్గా చదవండి. మా చదువు తమిళ మీడియం అని మీకందరికీ తెలుసు, ఒత్తులు తప్పితే దిద్దండి, కోపం వద్దు. ఆ ఒత్తుల సంగతి కూడా ఇందులో వస్తుంది.

మన సంఘానికి ఒక ఐసు పెట్టె, ఒక మైకు సెట్టు ఉన్నాయి. ఎవరింట్లో చావు జరిగినా రెండూ పంపిస్తాము. మైకు సెట్టులో ఒక పెన్‌డ్రైవు, దాంట్లో ఘంటసాల మాస్టారి భగవద్గీత. పిల్లవాడు స్విచ్చి వేస్తాడు, వీధి చివరిదాకా వినబడుతుంది, ఎవరో పోయినారని ఊరికి తెలుస్తుంది. ఇది ఎప్పుడు మొదలయిందో ఎవరూ చెప్పలేరు. పావగడలోనే కాదు, హిందూపురంలో, మడకశిరలో, కళ్యాణదుర్గంలో, తెలుగు మాట్లాడే ఏ ఊరికి పోయినా ఇదే గుర్తు.

మొన్న ఒక కుటుంబం వాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తూ రెండు అట్టపెట్టెల నిండా పాత ప్లేట్లు తెచ్చి సంఘానికి ఇచ్చినారు. గ్రామఫోను రికార్డు అని పుస్తకాల్లో రాస్తారు, మన నోట్లో ప్లేటే. వాటిలో ఘంటసాల గీత ఎల్పీ ఉంది. కుర్రవాళ్ళు "ఫోన్లో ఉంది కదా సార్, ఇదెందుకు, పాత సామాన్లోళ్ళకు వేసేద్దాం" అన్నారు. పెద్దవాళ్ళు "ముందు విని చూద్దాము" అన్నారు. మా దగ్గర ఒక క్యాసెట్టు ఉండేది, అదీ పట్టుకొచ్చినాము. అలా ప్లేటు, క్యాసెట్టు, పెన్‌డ్రైవు మూడూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి విన్నాము. పది మందిమి ఉన్నాము, మూడు గంటలు పట్టింది, రెండుసార్లు కాఫీ తెప్పించినాము.

ముందు ఈ ప్లేటు చరిత్ర కొంచెం చెప్పాలి.

ఘంటసాల వెంకటేశ్వరరావుగారు 1922 డిసెంబరు 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టినారు. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నారు. క్విట్ ఇండియా రోజుల్లో జైలుకు పోయినారు. మద్రాసుకు పోయి సినిమాల్లో పెద్ద పేరు తెచ్చుకున్నారు, 1970లో పద్మశ్రీ వచ్చింది. సినిమా పాటలు మీకు చెప్పనక్కరలేదు. 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెపోటు వచ్చి ఆసుపత్రిలో పడినారు. అప్పటికే చక్కెర జబ్బు ఉంది. ఆ ఆసుపత్రి మంచం మీదనే ఆయనకు భగవద్గీత పాడాలని కోరిక పుట్టిందని, అది పూర్తి చేసినాక ఇంక సినిమా పాటలు వద్దనుకున్నారని చెబుతారు. గీతలో ఏడు వందల శ్లోకాలు, వాటిలోనుంచి నూరుకు పైగా ఏరుకొని, శ్లోకం పాడటం, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పటం, అన్నీ ఒకటే గొంతుతో చేసినారు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో పోయినారు. వయసు యాభై ఒకటే. ఆయన పోయినాకనే హెచ్.ఎం.వి. వాళ్ళ ప్లేటు జనంలోకి వచ్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పాడినవాడు బతకటానికి పాడినాడు. గుండె దెబ్బ తిన్నాక, లేచి నిలబడి, ఇంక ఈ గొంతును దీనికే వాడుకుంటానని పాడినాడు. జనం విన్నది మాత్రం ఆయన చచ్చిపోయిన తర్వాత. మొదటిరోజునుంచే ఆ ప్లేటుకు చావు వాసన అంటుకుంది. చావిళ్ళల్లో అది మోగటానికి ఇదొక కారణమని మా అనుమానం. రెండో కారణం రెండో అధ్యాయం. పుట్టినవాడికి చావు తప్పదని, పాత బట్ట విప్పి కొత్త బట్ట కట్టుకున్నట్టు ఆత్మ ఒళ్ళు మారుస్తుందని అక్కడే ఉంది కదా. కానీ ఆ మాటలు కృష్ణుడు చెప్పింది శవానికి కాదు. విల్లు కింద పడేసి కూర్చున్న బతికున్న మనిషికి, లేచి పని చెయ్యమని చెప్పినాడు.

సరే, మా సంగతి. మా తాతలది నాగలమడికె దగ్గర పల్లె. మా నాయన రైల్వేలో చేరి జోలార్‌పేట పోయినాడు. కాలనీలో తెలుగువాళ్ళు ఉన్నారు, తెలుగు బడి లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడేది, బళ్ళో తమిళం రాసేది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగిటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భ నాలుగిటికీ ఇంకొకటి. భగవద్గీత అని రాసినది అక్షరం అక్షరం చదివితే "పకవత్ కీతై". ఘంటసాల పేరు సినిమా పోస్టరు మీద "కండసాలా". అలవాటున్నవాళ్ళు సరిగ్గానే పలుకుతారు, తమిళాన్ని తక్కువ చెయ్యటం లేదు, అది మాకు అన్నం పెట్టిన చదువు. కానీ ఘ అనేదొకటి ఉంది, దానికి రొమ్ములోనుంచి ఊపిరి రావాలి అని మాకు ఏ పంతులూ నేర్పలేదు.

నేర్పింది ఈ ప్లేటే. కాలనీలో ఒక గార్డుగారి ఇంట్లో పెట్టె ఉండేది. 1974లో మాకు పద్నాలుగేళ్ళు. ఆదివారం పొద్దున ఆయన ప్లేటు పెడితే వరండాలో కూర్చొని వినేది. శ్లోకం సంస్కృతం, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తాత్పర్యం తెలుగు, సగం అర్థమయ్యేది. గార్డుగారి భార్య, మేము అవ్వ అని పిలిచేవాళ్ళం, "భ అంటే కడుపులోనుంచి అనాలిరా, ఆయన అంటున్నాడు చూడు" అని చూపించేది. ఒకవైపు అయిపోతే ముల్లు ఎత్తి, ప్లేటు తిప్పి, బట్టతో తుడిచి మళ్ళీ పెట్టాల. ఆ తిప్పే లోపల అవ్వ ఒక శ్లోకం మా చేత చెప్పించేది. తప్పు చెబితే రెండోవైపు పెట్టేది కాదు. తెలుగు అక్షరాలు తర్వాత స్టేషను బోర్డులు చూసి, సినిమా పేపర్లు చూసి నేర్చుకున్నాము. ఒత్తులు మాత్రం ఘంటసాలవి. అందుకనే ఈ ప్లేటు విషయంలో మాకు కొంచెం పక్షపాతం ఉంది. ముందే ఒప్పుకుంటున్నాము.

ఇప్పుడు ఆదివారం పరీక్షకు వద్దాము.

మొదట పెన్‌డ్రైవు పెట్టినాము. శుభ్రంగా ఉంది. చిటపటలు లేవు, బుస్సుమనే శబ్దం లేదు. కుర్రవాళ్ళు "చూసినారా సార్" అన్నారు. ఇది ఎవరో ఎక్కడినుంచో ఎక్కించుకున్న కాపీ, ఎన్ని చేతులు మారిందో తెలియదు. కంపెనీ వాళ్ళది ఇలాగే ఉందని మేము అనటం లేదు, మేము విన్నది మా దగ్గరున్న కాపీనే.

తర్వాత క్యాసెట్టు. ఇది 1980ల్లో హిందూపురంలో కొన్నది. టేపు సాగి, కొన్నిచోట్ల ముందుకూ వెనక్కూ ఊగుతుంది. మన నాటకాల హార్మోనియం మేస్టరు ఉన్నాడు కదా, కురుక్షేత్రానికి, సత్యహరిశ్చంద్రకు రాత్రంతా వాయించే ఆయన, హార్మోనియం కూడా తెచ్చుకున్నాడు. పెన్‌డ్రైవుకు ఒక మెట్టు పట్టి చూసినాడు, క్యాసెట్టుకు పట్టి చూసినాడు. "అర శృతి పైకుంది సామీ, ఈ మిషను తొందర పడతా ఉంది" అన్నాడు. అర శృతి అంటే నూటికి ఆరు వంతుల వేగం. గంట పాట మూడు నిమిషాలకు పైగా ముందే అయిపోతుంది. ముప్పై ఏళ్ళు మేము ఆ తొందరపడే ఘంటసాలనే అసలు ఘంటసాల అనుకొని విన్నామన్నమాట. మాకు కొంచెం సిగ్గేసింది.

ఆఖరున ప్లేటు. పెట్టె కొత్త తరం వాళ్ళది, ఒక సభ్యుడి అల్లుడు బెంగుళూరులో కొన్నది. నిమిషానికి ముప్పైమూడు చుట్లు పైచిలుకు తిరగాల, తిరిగింది. మొదట చిటపట, చిటపట, దుమ్ము. ఒకరిద్దరు నవ్వినారు. గొంతు వచ్చింది. ముందు గీత గురించి ఆయన నాలుగు మాటలు చెబుతాడు కదా, ఆ మాటలు అయి, శ్లోకం ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకోవటం వినబడింది. గది ఊరకుండిపోయింది. మళ్ళీ పెన్‌డ్రైవు పెట్టి అదే చోటు విన్నాము. ఆ ఊపిరి లేదు. శ్లోకం కత్తిరించి అతికించినట్టు ఠక్కున మొదలయింది. ఇంకొకసారి ప్లేటు. ఉంది.

ఎందుకు ఇలా అని మా అబ్బాయిని అడిగినాము. వాడు బెంగుళూరులో కంప్యూటరు పని, పాటల పిచ్చి. వాడు చెప్పింది మాకు అర్థమైనంత రాస్తున్నాము. ప్లేటు మీద, టేపు మీద ఉండే బుస్సు చప్పుడు ఎక్కువగా పై స్థాయిలో వినబడుతుంది. దాన్ని తీసెయ్యాలంటే ఆ పై స్థాయిని కోస్తారు. కానీ మనిషి గొంతులో శ, ష, స అక్షరాల ఈల, ఒత్తుల్లో వచ్చే ఊపిరి కూడా అక్కడే కూర్చోనుంటాయి. చేతకానివాడు చెత్త ఊడ్చితే చెత్తతో బాటు అవీ పోతాయి. పైగా ఫోనుకోసం పాటను చిన్నదిగా కుదించేటప్పుడు, చెవికి పెద్దగా అక్కరలేదని లెక్క వేసినది వదిలేస్తారు. మూడోది, అన్నీ ఒకే గట్టితనానికి తెస్తారు. ప్లేటులో ఆయన తాత్పర్యం మెత్తగా, ఇంట్లో పెద్దవాడు పక్కన కూర్చొని చెప్పినట్టు చెబుతాడు. శ్లోకానికి గొంతు లేస్తుంది. మా పెన్‌డ్రైవులో రెండూ ఒకే గట్టి. దాన్ని తీసుకుపోయి హారన్‌లో వేస్తే ఏమవుతుందో వీధిలో ఉన్నవాళ్ళకందరికీ తెలుసు.

వాడే ఇంకొక సంగతి చెప్పినాడు, మాకు బాగా పట్టింది. ఇంగ్లండులో మాంచెస్టరు వైపు జాయ్ డివిజన్ అని ఒక గుంపు ఉండేదట. పంక్ అనే అరుపుల పాటలు వచ్చినాక, దానిలోనుంచి పుట్టిన చీకటి పాటలు వాళ్ళవి. వాళ్ళ పాటగాడు ఇయాన్ కర్టిస్ 1980 మే 18న ఉరి వేసుకున్నాడు. ఇరవైమూడేళ్ళు. రెండు నెలలకు, జులైలో, వాళ్ళ రెండో ప్లేటు "క్లోజర్" వచ్చింది. అట్ట మీద ఇటలీ దేశంలో జెనోవా శ్మశానంలోని ఒక సమాధి బొమ్మ. జనం అది చావు కోసం పెట్టిన బొమ్మ అనుకున్నారు. ఆ బొమ్మను పిల్లవాడు బతికుండగానే ఎంచుకున్నారు. 2007లో ఆ ప్లేటును శుద్ధి చేసి మళ్ళీ విడుదల చేసినారు. ఇప్పటికీ దాని అభిమానులు పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి, ఇక్కడ డ్రమ్ము వెనక్కి పోయింది, ఇక్కడ గొంతు ముందుకొచ్చింది అని గంటలకొద్దీ కొట్లాడుకుంటారట. ఆ పాటలు మాకు వినిపించినాడు. రెండు నిమిషాలకు తలనొప్పి వచ్చింది, అబద్ధం చెప్పము. అభిమానుల బాధ మాత్రం అర్థమయింది. పోయినవాడు మళ్ళీ వచ్చి పాడడు. ఉన్నది ఆ ఒక్క గీతే. దాని మీద ఎవరు చెయ్యి పెట్టినా భయమే.

మనవాళ్ళలో ఈ కొట్లాట మాయాబజార్ దగ్గర బాగా జరిగింది. 1957 మార్చి 27న వచ్చిన నలుపు తెలుపు బొమ్మ, కె.వి. రెడ్డిగారిది, మార్కస్ బార్ట్‌లే కెమెరా. దాన్ని హైదరాబాదులో గోల్డ్‌స్టోన్ వాళ్ళు రంగులు అద్ది, చప్పుడు కూడా కొత్త పద్ధతిలో చేసి, 2010 జనవరిలో విడుదల చేసినారు. నిడివి తగ్గింది. మన మనవళ్ళు ఆ రంగు చూసే ఘటోత్కచుడిని గుర్తుపట్టినారు, అది మేలే. మాకు వెన్నెల అంటే బార్ట్‌లే నలుపు తెలుపు వెన్నెలే. కానీ సినిమాకు పాతది పక్కన ఉంది, కావాలంటే అదీ చూడొచ్చు. మా భయం ప్లేట్లకు. పాతది పాత సామాన్ల బండి ఎక్కితే, మిగిలిన కాపీయే అసలు అయిపోతుంది.

ప్లేట్లు ఎలా మాయమయినాయో మేము ఉద్యోగంలో చూసినాము. మేము పార్సిలు ఆఫీసులో చేరిన 1982 నాటికే ప్లేట్ల పెట్టెలు అరుదు. అంతకుముందు చేసిన పాత గుమాస్తాలు చెప్పేవాళ్ళు: 78 చుట్ల లక్క ప్లేట్లు గాజు సామాను లెక్క, కింద పడితే ముక్కలు. ఒక్కొక్క వైపు మూడు మూడున్నర నిమిషాలే. కరుణశ్రీగారి పుష్పవిలాపం ఘంటసాల పాడితే రెండు వైపులకు సరిపోయింది, మధ్యలో ప్లేటు తిప్పాల్సిందే. టెంటు సినిమా మొదలయ్యే ముందు, పెళ్ళిళ్ళల్లో, తిరునాళ్ళల్లో మైకు సెట్టువాడు తిప్పేవాడు. తర్వాత ఎల్పీ వచ్చింది, అది విరగదు, గీతలు పడుతుంది. తర్వాత మా కళ్ళముందే క్యాసెట్ల కట్టలు సంచుల్లో వచ్చి పడినాయి. ఆ క్యాసెట్టుతోనే గీత పేదవాడి ఇంటికి వచ్చింది, దాన్ని తక్కువ చెయ్యకూడదు. ప్లేటు పెట్టె ఉన్న ఇల్లు పావగడలో వేళ్ళ మీద లెక్కపెట్టేది. టేపు రికార్డరు ప్రతి వీధిలో ఉండేది. టేపు మోసుకుపోవచ్చు, హారన్‌కు తగిలించవచ్చు. చావింటికి గీత నడిచిపోయింది క్యాసెట్టు కాళ్ళతోనే అని మా అంచనా. తర్వాత సీడీ, తర్వాత ఫోను. గ్రామఫోన్ కంపెనీ కూడా 2000లో సారెగమ అని పేరు మార్చుకుంది, 2017లో కార్వాన్ అని పాటలు నింపిన పెట్టె అమ్మింది.

ప్లేటు మీద కుక్క బొమ్మ చూసి ఒక మనవడు అడిగినాడు, అది ఏం వింటోంది తాతా అని. ఆ కుక్క పేరు నిప్పర్. దాని యజమాని పోతే తమ్ముడు ఫ్రాన్సిస్ బరాడ్ పెంచినాడు. కుక్క కూడా పోయినాక బొమ్మ గీసినాడు. మొదట గీసింది ఎడిసన్ మిషను ముందర కూర్చున్నట్టు. గ్రామఫోన్ కంపెనీ కొనేటప్పుడు దాని మీదనే తమ పెట్టె గీయించుకున్నారు. రంగు కింద పాత మిషను జాడ ఇంకా కనబడుతుందంటారు. ఆ బొమ్మకే పాత విడుదల, కొత్త విడుదల ఉన్నాయి, చూడండి.

ఇంక అసలు వాదన. మూడూ విన్నాక, ప్లేటునుంచి మంచి కాపీ తీయించి పెన్‌డ్రైవులో వేద్దాము, ఐసు పెట్టెతో పాటు అదే పంపుదాము అని మేము అన్నాము. అందరూ సరే అంటారనుకున్నాము. అప్పుడు మన పెద్దాయన, ఎనభై నాలుగేళ్ళవాడు, అంతసేపూ మాట్లాడనివాడు, "నాకొక మనవి అప్పా" అన్నాడు. "యాభై ఏళ్ళు ఈ గీత పొద్దున్నే పెట్టుకొని విన్నాను. ఇప్పుడు పొద్దున ఫోన్లో పెడితే కోడలు వచ్చి ఆపు మామా, పక్కింటోళ్ళు ఎవరికేమయిందో అని వస్తారు అంటుంది. మనవరాలు చెవులు మూసుకుంటుంది. మొన్న జ్వరమొచ్చి పడుకున్నప్పుడు వెనక వీధిలో హారన్ మోగింది. నాకేనేమో అనుకున్నాను. మీరు కాపీ బాగు చేసి ఏం లాభం? మోగించేది ఎక్కడ అనేది చూడండి."

ఎవరూ మాట్లాడలేదు. మేము ప్లేటులో ఊపిరి పోయిందని మూడు గంటలు కూర్చున్నాము. ఆయనకు ఊపిరి ఉండగా వినే దారి పోయింది.

తర్వాత వాదన గట్టిగానే జరిగింది. గీత లేకుండా శవాన్ని ఎలా పంపుతారని ఒక అక్క ఏడ్చినంత పని చేసింది. వాళ్ళాయన పోయిన రాత్రి ఆ గొంతే తనకు తోడని, నిద్రపోకుండా అది విని తెల్లవార్చినానని చెప్పింది. ఆ మాట కొట్టివేసేది కాదు. హారన్ తీసేసి ఇంటి లోపల చిన్న పెట్టెలో మెత్తగా పెట్టాలని ఒకరు. హారన్ లేకపోతే ఊరికి తెలిసేదెలా అని ఇంకొకరు, వాట్సాప్ ఉంది కదా అని కుర్రవాళ్ళు. ఓటు పెట్టలేదు. ఇలాంటివి ఓటుతో తేలవు. ఆఖరుకు మూడు సంగతులకు ఒప్పుకున్నాము. ప్లేట్లు బండికి వెయ్యము, సంఘం బీరువాలో నిలబెట్టి ఉంచుతాము, ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే వంకర పోతాయి. ప్లేటునుంచి చప్పుడు కొయ్యకుండా, చిటపటలతో సహా, శృతి హార్మోనియంతో చూసి కాపీ తీస్తాము. ఐసు పెట్టెతో హారన్ పంపేది ఇంటివాళ్ళు అడిగితేనే, అడగకుంటే లోపలి పెట్టె మాత్రమే.

నాలుగోది తీర్మానం కాదు. వచ్చే ఆదివారం నుంచి పొద్దున ఆరున్నరకు సంఘం గదిలో ప్లేటు పెడతాము, ఒక్క వైపు మాత్రమే, హారన్ లేకుండా, తలుపు దగ్గరకు వేసి. పెద్దాయన వస్తానన్నాడు. మనవరాలిని కూడా తీసుకురమ్మన్నాము. చావులేని రోజు వింటే దానికి భయం పోతుందేమో చూద్దాము. తిప్పే లోపల ఎవరైనా ఒక శ్లోకం చెప్పాల, ఒత్తులతో.

ప్లేటు రెండోవైపు ఒకచోట లోతు గీత ఉంది, ముల్లు అక్కడ ఎగిరి రెండు శ్లోకాలు దాటుతుంది. మీ ఇళ్ళల్లో, అటకల మీద, హిందూపురం చుట్టాల దగ్గర ఇదే ప్లేటు గీత పడనిది ఉంటే చెప్పండి. కాపీకి ఒక్కరోజు ఇస్తే చాలు, మేమే వచ్చి తీసుకుపోతాము, గాజు సామాను లెక్కనే తెచ్చి అప్పజెబుతాము.